రిపోర్టులో 68 శాతం అని ఉంటే ఊపిరితిత్తులు అంతే మిగిలాయనా?

చీమకుర్తి క్వారీలో రాయి కోసే మనిషికైనా, మార్కాపురంలో పలకల పని చేసిన మనిషికైనా, పొగాకు బ్యారన్ దగ్గర ఏళ్ల తరబడి పొగలో నిలబడ్డ రైతుకైనా, ఆయాసం మొదలయ్యాక డాక్టరు రాసిచ్చే పరీక్ష ఒకటుంది, స్పైరోమెట్రీ. ఓ గొట్టంలోకి గట్టిగా ఊదిస్తారు, కాసేపటికి ఒక కాగితం చేతికొస్తుంది. దాని మీద ఎఫ్‌వీసీ, ఎఫ్‌ఈవీ1 అని నాలుగైదు వరసల అంకెలు, రెండు గ్రాఫులు ఉంటాయి. ఇంట్లో వాళ్లు మాత్రం అందులో ఒక్క శాతమే చూస్తారు. 68 అని ఉంటే మూడోవంతు ఊపిరితిత్తి పోయిందని టెన్షన్. 92 అని ఉంటే ఏ ఇబ్బందీ లేదు, బీడీ మానక్కర్లేదని ధీమా. రెండూ తప్పుగా చదవటమే. ఆ శాతం మీ ఊపిరితిత్తుల్లో ఎంత మిగిలిందో చెప్పదు, మీ అంత వయసు, మీ అంత ఎత్తు ఉన్న ఒక సగటు మనిషి ఊదే గాలితో పోలిస్తే మీరు ఎంత ఊదారో చెబుతుంది. ఈ తేడా ఎందుకంత పెద్దదో తెలియాలంటే అసలు ఊపిరి ఎలా ఆడుతుందో ముందు చూడాలి.

గాలిని లోపలికి లాగేది ఊపిరితిత్తులు కాదు

ఊపిరితిత్తుల్లో వాటంతట అవే సాగి గాలి పీల్చుకునే కండరం లేదు. ఆ పని చేసేది కింద ఉన్న డయాఫ్రమ్, పదో తరగతి పుస్తకంలో ఉదరవితానం అని చదివింది అదే. ఛాతీకి, పొట్టకి మధ్య గుమ్మటం ఆకారంలో పైకి ఉబ్బి ఉండే పలుచని కండరం. అది బిగుసుకుంటే కిందికి దిగుతుంది, మామూలు ఊపిరిలో ఒకటి ఒకటిన్నర సెంటీమీటర్లు, బాగా గట్టిగా పీలిస్తే పది సెంటీమీటర్ల దాకా. అదే సమయంలో పక్కటెముకల మధ్య కండరాలు ఛాతీని పైకి, బయటికి ఎత్తుతాయి. లోపల చోటు పెరిగితే ఒత్తిడి తగ్గుతుంది, ఒత్తిడి ఎక్కువున్న బయటి గాలి లోపలికి వస్తుంది. అంతే, ఇక్కడ పని చేస్తున్నది స్కూల్లో చెప్పిన బాయిల్ నియమం. ఆ ఒత్తిడి తేడా ఎంత చిన్నదో వింటే ఆశ్చర్యమేస్తుంది, ప్రశాంతంగా కూర్చున్న మనిషిలో ఒక్క సెంటీమీటరు ఎత్తు నీటి ఒత్తిడి అంత.

ఛాతీ గోడకీ ఊపిరితిత్తికీ మధ్య రెండు పలుచని పొరలు, వాటి మధ్య కొద్దిపాటి ద్రవం ఉంటాయి. ఛాతీ బయటికి కదిలితే ఊపిరితిత్తి దాన్ని వదలకుండా వెంటే సాగేది ఈ ఏర్పాటు వల్లే. ఆ మధ్యలోకి గాలి చొరబడితే ఊపిరితిత్తి ముడుచుకుపోతుంది, పక్కటెముక విరిగి గుచ్చుకున్నప్పుడు జరిగే ప్రమాదం అదే.

ఊపిరి వదలటానికి, కూర్చుని ఉన్నప్పుడు, కండరం పని దాదాపు ఉండదు. సాగిన ఊపిరితిత్తి తన సాగేగుణం వల్ల తానే వెనక్కి ముడుచుకుంటుంది. దగ్గినప్పుడు, పరుగెత్తినప్పుడు, కొవ్వొత్తి ఊదినప్పుడు మాత్రం పొట్ట కండరాలు రంగంలోకి దిగుతాయి. ఆ సాగేగుణం పోయిన ఊపిరితిత్తిలో గాలి పీల్చటం కంటే వదలటమే కష్టమవుతుంది, ఏళ్ల తరబడి పొగ తాగిన వాళ్లలో కనిపించే ఎంఫిసీమాలో జరిగేది ఇదే. ఈ మాట గుర్తుంచుకోండి, పరీక్షలో ఊదమనే ఎందుకు అడుగుతారో దీని దగ్గరే తెలుస్తుంది.

డయాఫ్రమ్‌తో గాలి పీల్చే ఈ పద్ధతి క్షీరదాలన్నింటిదీ. కప్ప నోటితో గాలిని లోపలికి తోసుకుంటుంది. పులికాట్‌కి వచ్చే ఫ్లెమింగోలకి మన డయాఫ్రమ్ లేదు, వాటి ఊపిరితిత్తుల్లో గాలి ఒకే వైపు ప్రయాణిస్తుంది. మనలో వచ్చిన దారినే వెనక్కి పోతుంది.

30 కోట్లకు పైగా గాలి బుడగలు

ముక్కు దాటి, స్వరపేటిక దాటి వాయునాళంలోకి వెళ్లిన గాలి, రెండుగా, నాలుగుగా, ఎనిమిదిగా చీలుతూ దాదాపు 23 సార్లు చీలిన గొట్టాల చివర వాయుగోణులు అనే గాలి బుడగలకి చేరుతుంది. ఒక్కొక్కటీ మిల్లీమీటరులో ఐదో వంతు. పెద్దవాళ్లలో ఇవి 30 కోట్ల నుంచి 50 కోట్ల దాకా ఉంటాయని లెక్క. అన్నీ విప్పి పరిస్తే సుమారు 70 చదరపు మీటర్లు. బుడగలోని గాలికీ, బయట కేశనాళికలోని రక్తానికీ మధ్య గోడ మందం మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా లేదు, చాలాచోట్ల అందులో సగమే. ఆక్సిజన్ అటు, కార్బన్ డయాక్సైడ్ ఇటు మారటానికి ఏ పంపూ అక్కర్లేదు, ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి వాటంతట అవే వెళ్తాయి. లోపలికి వెళ్లే గాలిలో ఆక్సిజన్ 21 శాతం, బయటికొచ్చేదాంట్లో 16 శాతం దగ్గర. కార్బన్ డయాక్సైడ్ 0.04 నుంచి 4 శాతానికి పెరుగుతుంది.

ఇంత చిన్న తడి బుడగలు ముడుచుకుని అంటుకుపోకుండా వాటి లోపలి గోడ మీద సర్ఫాక్టెంట్ అనే జిడ్డు పదార్థం పూత ఉంటుంది. కడుపులో బిడ్డకి ఇది చాలినంత తయారయ్యేది సుమారు 34, 35 వారాలకి. బాగా నెలలు తక్కువ పుట్టిన బిడ్డ ఒక్కో ఊపిరికీ డొక్కలు ఎగరేసి కష్టపడటానికి పెద్ద కారణం ఈ పూత చాలకపోవటమే.

రాతిధూళి చేటు కూడా ఇక్కడే. పెద్ద రేణువులు ముక్కులోనో, గొట్టాల జిగురులోనో చిక్కుకుని కఫంతో బయటికొచ్చేస్తాయి. కంటికి కనపడనంత సన్నని సిలికా రేణువులు బుడగల దాకా వెళ్తాయి. వాటిని మింగిన రక్షక కణాలు వాటిని అరిగించలేక చచ్చిపోతాయి, ఆ చోట మచ్చ కడుతుంది. మచ్చ కట్టిన చోట ఊపిరితిత్తి సాగదు. అదే సిలికోసిస్. వచ్చిన మచ్చ పోయే మందు లేదు, పని మానేశాక కూడా పెరగొచ్చు. అందుకే పని చేసే చోట రాయిని తడిపి కోయటం, దుమ్ము పీల్చే యంత్రాలు పెట్టటం గురించి అంత గట్టిగా చెబుతారు.

గొట్టాల్లోనే ఆగిపోయే గాలి

మామూలుగా కూర్చున్న పెద్ద మనిషి ఒక్కో ఊపిరికి అరలీటరు, అంటే 500 మిల్లీలీటర్ల గాలి పీలుస్తాడు. అది మొత్తం బుడగల దాకా పోదు. పొలంలో బోరు మోటారు వేస్తే దూరపు మడిలోకి ముందుగా వచ్చేది పైపులో నిన్నటి నుంచి నిలిచి ఉన్న నీళ్లే కదా, మోటారు ఆపితే చివర తోడిన నీళ్లు పైపులోనే ఉండిపోతాయి. ఊపిరి గొట్టాల్లోనూ అంతే. అంతకుముందు ఊపిరిలో వదిలిన పాత గాలి 150 మిల్లీలీటర్లు ముందు లోపలికి తిరిగి వెళ్తుంది, కొత్తగా పీల్చినదాంట్లో చివరి 150 గొట్టాల్లోనే ఆగిపోతుంది. బుడగలకి అందే కొత్త గాలి 350.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. నిమిషానికి 15 సార్లు, 500 చొప్పున పీల్చే మనిషి మొత్తం పీల్చేది 7.5 లీటర్లు. బుడగలకి చేరేది 350 ఇంటూ 15, అంటే 5.25 లీటర్లు. ఇంకో మనిషి భయంతోనో, నొప్పితోనో పైపైన, నిమిషానికి 30 సార్లు, 250 చొప్పున పీలుస్తున్నాడు. మొత్తం చూస్తే అదే 7.5 లీటర్లు. కానీ బుడగలకి చేరేది 100 ఇంటూ 30, మూడు లీటర్లే. బయట నుంచి చూసేవాళ్లకి రెండోమనిషి ఎక్కువ గాలి పీలుస్తున్నట్టు కనిపిస్తాడు. ఆయాసంలో ఊపిరి ఎంత వేగంగా ఆడుతోందన్నదే కాదు, ఎంత లోతుగా ఆడుతోందన్నదీ డాక్టరు చూసేది అందుకే.

నష్టంగా కనిపించే ఈ ఏర్పాటునే గొర్రె లాభంగా వాడుకుంటుంది. రోహిణి కార్తె ఎండలో తుమ్మచెట్టు కింద గుంపుగా నిలబడ్డ నెల్లూరు గొర్రెల్ని దగ్గరగా చూడండి. తల కాస్త దించి, నోరు కొంచెమే తెరిచి, డొక్కలు వణికినట్టు కదులుతుంటాయి. మామూలుగా నిమిషానికి ఇరవై ముప్పై ఉండే ఊపిరి 200 దాటిపోతుంది. కానీ ఆ గాలిలో ఎక్కువ భాగం బుడగల దాకా పోనే పోదు, తడిగా ఉన్న ముక్కు గొట్టాల మీదుగా వెళ్లి తిరిగొచ్చేస్తుంది. తడి ఆవిరై రక్తం చల్లబడుతుంది, లోపలి కార్బన్ డయాక్సైడ్ మాత్రం మరీ ఎక్కువ పోకుండా నిలబడుతుంది. ఎండ బాగా ముదిరి శరీరం ఇంకా వేడెక్కితే అప్పుడు ఊపిరి లోతుగా, నోరు బార్లా తెరిచి మొదలవుతుంది, కాపరులు ఆ తేడాని చూడగానే పట్టేస్తారు.

ఎలుక నుంచి ఒంగోలు గిత్త దాకా

క్షీరదాల ఊపిరితిత్తుల గురించి నన్ను బాగా ఆకట్టుకున్న సంగతి ఒకటుంది. జంతువు ఎంత పెద్దదైనా, చిన్నదైనా, విశ్రాంతిలో ఒక్కో ఊపిరికి పీల్చే గాలి కిలో బరువుకి ఏడెనిమిది మిల్లీలీటర్లకి అటూఇటూగానే ఉంటుంది. పావుకిలో ఎలుకకి రెండు మిల్లీలీటర్లు. 65 కిలోల మనిషికి అరలీటరు. 500 కిలోల ఒంగోలు గిత్తకి మూడున్నర నాలుగు లీటర్లు. పరిమాణంతో మారేది వేగం. ఎలుకజాతి చిన్న జంతువులు నిమిషానికి వంద దాకా, అంతకు మించి కూడా పీలుస్తాయి, ఏనుగు పది దాటటం అరుదు. చిన్న శరీరంలో ఒక్కో కిలోకీ ఖర్చయ్యే శక్తి ఎక్కువ కాబట్టి ఆక్సిజన్ కూడా ఎక్కువ కావాలి, దాన్ని అవి వేగంతో తెచ్చుకుంటాయి.

సంక్రాంతికో, తిరునాళ్లకో బండలాగుడు పోటీ చూసినవాళ్లకి తెలుసు, బండ ఆగిన వెంటనే గిత్త డొక్కలు ఎలా ఎగిరిపడతాయో, ముక్కుపుటాలు ఎంత వెడల్పవుతాయో. లాగటం ఆగినా ఊపిరి వెంటనే ఆగదు, పనిలో పేరుకున్న కార్బన్ డయాక్సైడ్‌నీ వేడినీ బయటికి పంపాక గాని నెమ్మదించదు.

మినహాయింపులూ ఉన్నాయి. మనం కూర్చుని పీల్చే ఒక్కో ఊపిరికి ఊపిరితిత్తుల్లోని గాలిలో పది పదిహేను శాతమే మారుతుంది. మన తీరంలో కనిపించే డాల్ఫిన్ నీటి మీదికి వచ్చి, తలపై రంధ్రంతో ఒక్క ఊపిరిలోనే 80 శాతం దాకా మార్చేయగలదు. ఏనుగులో ఛాతీ గోడకీ ఊపిరితిత్తికీ మధ్య నేను పైన చెప్పిన ద్రవం ఉండే చోటే ఉండదు, అక్కడ గట్టి కణజాలం నిండి ఉంటుంది. తొండం పైకెత్తి నీళ్లలో మునిగి నడిచే జంతువు కాబట్టి ఆ ఒత్తిడికి తట్టుకోవటానికేనని కొందరు శాస్త్రజ్ఞుల వాదన.

ఊపిరి పీల్చమని తొందరపెట్టేది ఎవరు?

ఊపిరి బిగబడితే కాసేపటికి వచ్చే ఉక్కిరిబిక్కిరి ఆక్సిజన్ అయిపోవటం వల్ల కాదు. మెదడు అడుగున ఉన్న మజ్జాముఖం దగ్గర కార్బన్ డయాక్సైడ్ పెరుగుదలని పసిగట్టే కణాలు ఉన్నాయి, ముందు తొందరపెట్టేది అవి. ఇంగ్లాండులో హాల్డేన్, ప్రీస్ట్లీ 1905లో ఇది ప్రయోగాలతో చూపించారు. ఆక్సిజన్ బాగా పడిపోతే మెడలోని ధమనుల దగ్గరున్న కణాలు కూడా హెచ్చరిస్తాయి, కానీ మామూలు రోజుల్లో నడిపించేది కార్బన్ డయాక్సైడే.

దీనితో ముడిపడిన గందరగోళం పల్స్ ఆక్సీమీటరు. కోవిడ్ తర్వాత చాలా ఇళ్లలో ఒకటి ఉంది. వేలికి పెట్టగానే 97 అని చూపిస్తే ఊపిరితిత్తులు 97 శాతం బాగున్నాయనుకుంటారు. అది చూపించేది రక్తంలోని హీమోగ్లోబిన్‌లో ఎంత శాతానికి ఆక్సిజన్ పట్టుకుని ఉందో. హీమోగ్లోబిన్ స్వభావం ఏంటంటే, ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ ఒత్తిడి 100 మిల్లీమీటర్ల పాదరసం నుంచి 60కి పడిపోయినా ఆ శాతం 97 నుంచి 90 దాకానే దిగుతుంది. పైగా జబ్బు మొదలైనప్పుడు మనిషి తెలియకుండానే కాస్త ఎక్కువ ఊపిరి పీల్చి లోటు పూడ్చుకుంటాడు. కాబట్టి ఊపిరితిత్తి చాలా దెబ్బతిన్నాక కూడా ఆక్సీమీటరు 96 చూపించొచ్చు. అది అప్పటికప్పుడు ప్రమాదం ఉందా లేదా చెప్పే పరికరం, ఊపిరితిత్తుల సత్తా కొలిచేది కాదు.

ఊదే పరీక్షలో కొలిచేది ఏంటి

1846లో లండన్‌లో జాన్ హచిన్సన్ అనే డాక్టరు నీళ్లలో బోర్లించిన పాత్రలోకి మనుషుల చేత ఊదించి, పాత్ర ఎంత పైకి లేస్తే అంత గాలి అని కొలిచాడు. రెండు వేల మందికి పైగా ఊదించాడు, వాళ్లలో పోలీసులూ సైనికులూ మల్లయోధులూ ఉన్నారు. ఎత్తు ఒక అంగుళం పెరిగితే ఊదే గాలి ఎనిమిది ఘనపు అంగుళాలు, అంటే దాదాపు 130 మిల్లీలీటర్లు పెరుగుతుందని లెక్క తేల్చాడు. మీ రిపోర్టు పైన ఎత్తు, వయసు ఎందుకు రాస్తారో అక్కడే మొదలైంది. ఎత్తు పది సెంటీమీటర్లు తప్పు రాసుకుంటే శాతం మొత్తం తప్పుతుంది.

అయితే మొత్తం ఎంత ఊదాడో చూస్తే చాలదు, ఎంత వేగంగా ఊదాడో చూడాలని ఫ్రాన్స్‌లో టిఫెనో 1947లో ముందుకు తెచ్చాడు. ఇప్పటి పరీక్షకి ఆ రెండూ ఆధారం. గుండెల నిండా పీల్చి, ఉన్న గాలంతా బలంగా బయటికి ఊదితే వచ్చే మొత్తం ఎఫ్‌వీసీ. అందులో మొదటి ఒక్క సెకనులో వచ్చేది ఎఫ్‌ఈవీ1. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే వచ్చేది నిష్పత్తి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు ఉన్న గాలిలో ముప్పాతిక పైన మొదటి సెకనులోనే బయటికి పంపేస్తారు.

పరీక్ష గదిలో చూస్తే ఇది కాస్త శ్రమతో కూడిన పని. ముక్కుకి క్లిప్పు పెడతారు, నోట్లో అట్టగొట్టం బిగించి పట్టుకోమంటారు. టెక్నీషియన్ పక్కన నిలబడి "పీల్చండి పీల్చండి పీల్చండి… ఊదండి! ఊదండి, ఊదండి, ఇంకా ఇంకా ఇంకా" అని అరుస్తూనే ఉంటారు. అది కోపం కాదు. మనిషి తనకిక గాలి లేదనుకున్నాక కూడా ఇంకో రెండు మూడు సెకన్లు సన్నగా వస్తూనే ఉంటుంది, అది వదిలేస్తే ఎఫ్‌వీసీ తక్కువ పడుతుంది. కనీసం మూడుసార్లు సరిగ్గా ఊదాలి, బాగా వచ్చిన రెండింటి మధ్య తేడా 150 మిల్లీలీటర్లు మించకూడదు. మొహమాటపడి మెల్లగా ఊదినా, పెదాల పక్క నుంచి గాలి పోయినా, మధ్యలో దగ్గినా అంకె పడిపోతుంది. యంత్రానికి జబ్బుకీ అలసటకీ తేడా తెలియదు, గ్రాఫు చూసే మనిషికి తెలుస్తుంది.

ఒకే 68, ఇద్దరు మనుషులు

ఇప్పుడు మొదట చెప్పిన అంకెకి వద్దాం. ఇద్దరు మనుషుల్ని ఊహించుకోండి, ఇద్దరూ ఒకే వయసు, ఒకే ఎత్తు. ఆ వయసుకీ ఎత్తుకీ యంత్రంలోని సూత్రం ప్రకారం ఎఫ్‌వీసీ 3.9 లీటర్లు, ఎఫ్‌ఈవీ1 3.1 లీటర్లు రావాలనుకుందాం.

మొదటివాడు చాలాకాలం బీడీలు తాగిన మనిషి. ఎఫ్‌వీసీ 3.6, ఎఫ్‌ఈవీ1 2.1. మొదటి సెకనులో వచ్చింది 2.1ని 3.1తో పోలిస్తే 68 శాతం. నిష్పత్తి 2.1 బై 3.6, 58 శాతం. అంటే ఇతని ఊపిరితిత్తుల్లో గాలి పట్టే చోటు దాదాపు సరిపడా ఉంది, బయటికి రావటానికి దారి ఇరుకైంది. గొట్టాలు వాచో, ముడుచుకునో, సాగేగుణం పోయో గాలి నెమ్మదిగా కారుతోంది. ఆస్తమా, సీఓపీడీ (ఏళ్ల తరబడి పొగ, ధూళి పీల్చటం వల్ల గొట్టాలు ఇరుకైపోయి పూర్తిగా తేరుకోని జబ్బు) ఈ గుంపులోవి. కట్టెల పొయ్యి దగ్గర జీవితమంతా వండిన, ఒక్క సిగరెట్టూ ముట్టని ఆడవాళ్లలో కూడా సీఓపీడీ వస్తుంది.

రెండోవాడు రాతిధూళిలో ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి. ఎఫ్‌వీసీ 2.6, ఎఫ్‌ఈవీ1 2.1. శాతం మళ్లీ అదే 68. నిష్పత్తి మాత్రం 81. ఇతనికి దారిలో అడ్డం లేదు, ఉన్న గాలి చకచకా వచ్చేస్తోంది. ఉండాల్సిన గాలే లేదు, ఎందుకంటే ఊపిరితిత్తి సాగటం లేదు.

కాగితం మీద ఎఫ్‌ఈవీ1 వరస ఒక్కటే చదివితే ఇద్దరిదీ ఒకే జబ్బు. కారణం వేరు, మందు వేరు, ముందు జరగబోయేది వేరు. మొదటి మనిషికి గొట్టాలు వెడల్పు చేసే మందు పీల్పించి, పావుగంట ఆగి మళ్లీ ఊదిస్తారు. 2.1 కాస్తా 2.5 అయితే, 400 మిల్లీలీటర్లు, అంటే 19 శాతం పెరిగినట్టు. 200 మిల్లీలీటర్లు, 12 శాతం దాటితే బాగా స్పందించినట్టు లెక్కగట్టేవాళ్లు, 2022లో అంతర్జాతీయ సంఘాలు ఆ లెక్క పద్ధతిని కొంచెం మార్చాయి. అలా తేరుకుంటే ఆస్తమా వైపు అనుమానం పెరుగుతుంది. రెండో మనిషికి అదే మందుతో దారి వెడల్పు చేసినా పెద్ద తేడా రాదు.

92 చూసి ధీమా పడేవాళ్ల సంగతీ చూద్దాం. ఒక కుర్రాడికి ఉండాల్సిన ఎఫ్‌ఈవీ1 3.5 లీటర్లు, అతను పనిలో చేరినప్పుడు ఊదింది 4.0. అంటే 114 శాతం. ఐదేళ్ల తర్వాత 3.4 ఊదాడు. ఈలోగా వయసు వల్ల ఉండాల్సింది కూడా 3.36కి తగ్గింది కాబట్టి శాతం 101, రిపోర్టులో నార్మల్ అని వస్తుంది. పాతికేళ్లు దాటాక ఎవరికైనా ఏడాదికి పాతిక ముప్పై మిల్లీలీటర్లు తగ్గటం సహజం. ఇతనికి ఐదేళ్లలో తగ్గింది 600, ఏడాదికి 120. నార్మల్ అనే మాట వెనక ఇంత నష్టం దాక్కోగలదు, పాత కాగితం పక్కన పెట్టి చూస్తే తప్ప కనపడదు. ధూళిలో పనిచేసేవాళ్లకి చేరినరోజే ఒక పరీక్ష ఉండటం ఎందుకంత విలువైనదో ఈ లెక్కే చెబుతుంది.

ఊదటం చెప్పలేని సంగతులు

ఎంత గట్టిగా ఊదినా ఊపిరితిత్తుల్లో లీటరు పైచిలుకు గాలి మిగిలిపోతుంది. అది బయటికే రాదు కాబట్టి ఊదే పరీక్షకి అందదు. అందుకే రెండో మనిషి ఊపిరితిత్తి నిజంగా చిన్నదైందని తేల్చాలంటే మొత్తం గాలి కొలవాలి. ఒక పద్ధతి హీలియంతో. డబ్బాలో ఆరు లీటర్ల గాలి, అందులో హీలియం 10 శాతం ఉందనుకుందాం. మామూలుగా ఊపిరి వదిలేసిన దగ్గర మనిషిని ఆ డబ్బాకి కలిపి కాసేపు పీల్చి వదలమంటారు. హీలియం రక్తంలోకి దాదాపు వెళ్లదు, ఊపిరితిత్తుల్లోకి పరుచుకుంటుంది అంతే. చివరికి అది 7.5 శాతానికి పలచబడితే, ఆరుని పదితో హెచ్చవేసి 7.5తో భాగించండి, ఎనిమిది లీటర్లు. డబ్బా ఆరు పోగా మిగిలిన రెండు లీటర్లు ఆ క్షణంలో ఊపిరితిత్తుల్లో ఉన్న గాలి. ఇంకో పద్ధతిలో మనిషిని చుట్టూ మూసిన గాజు గదిలో కూర్చోబెట్టి, ఒత్తిడి మార్పుల నుంచి బాయిల్ నియమంతో లెక్కగడతారు.

బుడగ గోడ ఎంత బాగా పనిచేస్తోందో కొలవటానికి మరోటి ఉంది. అతి కొద్ది కార్బన్ మోనాక్సైడ్ కలిపిన గాలి ఒక్కసారి పీల్పించి, పది సెకన్లు బిగబట్టించి, వదిలినదాంట్లో ఎంత తగ్గిందో చూస్తారు. ఈ పరీక్షలు పెద్ద ఆసుపత్రుల్లోనే ఎక్కువ.

ఇక కోవిడ్ రోజుల్లో మెడికల్ షాపుల్లో తెగ అమ్ముడైన మూడు బంతుల పరికరం. దాని మీద 600, 900, 1200 అని ఉంటాయి, అవి సెకనుకి ఎన్ని మిల్లీలీటర్ల వేగంతో పీల్చారో చెప్పే గుర్తులు. ఊదటం కాదు, పీల్చటం. ఆపరేషన్ అయ్యాక నొప్పి వల్ల పైపైన ఊపిరి పీల్చే రోగి చేత లోతుగా పీల్పించటానికి తయారైన వ్యాయామ సాధనం అది. మూడు బంతులూ పైకి లేచాయని మొదటి మనిషి సంతోషపడతాడు, అతని ఇబ్బంది ఉన్నది ఊదటంలో.

గీత ఎక్కడ గీయాలి?

నిపుణులే ఏకీభవించని రెండు చోట్లున్నాయి. మొదటిది నిష్పత్తి. 70 శాతం లోపుంటే అడ్డం ఉన్నట్టని సీఓపీడీకి ప్రపంచమంతా వాడే గోల్డ్ మార్గదర్శకాలు చెబుతాయి. గుర్తుపెట్టుకోవటం తేలిక, చిన్న క్లినిక్‌లో కూడా వాడొచ్చు. ఇబ్బంది ఎక్కడంటే, వయసుతోపాటు ఈ నిష్పత్తి ఆరోగ్యవంతుల్లో కూడా తగ్గుతుంది. 75 ఏళ్ల పెద్దాయనకి 68 వస్తే అది వయసుకి తగ్గదే కావొచ్చు, ముప్పై ఏళ్ల కుర్రాడికి 72 వస్తే గీత పైన ఉన్నా తేడా ఉండొచ్చు. అందుకే అమెరికా, యూరప్ శ్వాసకోశ నిపుణుల సంఘాలు ఆయా వయసులో ఆరోగ్యవంతుల్లో అట్టడుగు ఐదు శాతం ఎక్కడ మొదలవుతుందో అక్కడ గీత గీయమంటాయి. అలాగని 70ని కొట్టిపారేయలేం. ఆసుపత్రి పాలవటం, మరణం వంటివి ముందుగా అంచనా వేయటంలో 70 గీత వెనకబడలేదని 2019లో అమెరికాలో వెలువడిన పెద్ద అధ్యయనం చూపింది.

రెండోది మనకి ఇంకా దగ్గరది. 'ఉండాల్సిన' లీటర్లు ఎవర్ని కొలిచి రాసినవి? చాలా సూత్రాలు తెల్లజాతి వాళ్ల లెక్కల నుంచి పుట్టాయి. సగటున మనవాళ్లు అదే ఎత్తుకి వాళ్లకంటే తక్కువ ఊదుతారు. అందుకని ఎన్నో యంత్రాల్లో మనలాంటి వాళ్లకి ఉండాల్సిన అంకెని ఓ పది శాతం తగ్గించే ఏర్పాటు పెట్టారు. తగ్గించాలనేవాళ్ల మాట, లేకపోతే ఆరోగ్యంగా ఉన్న మనిషికి జబ్బు ముద్ర వేసి, ఉద్యోగానికి పనికిరాడని పంపేస్తారని. శరీరంలో నడుము పైభాగానికీ కాళ్లకీ ఉన్న నిష్పత్తి కూడా కొంత కారణమని వాళ్లు చూపిస్తారు. వద్దనేవాళ్ల మాట, ఆ తేడాలో పుట్టినప్పటి బరువు, చిన్ననాటి తిండి, పొయ్యి పొగ, పని ధూళి కలిసి ఉన్నాయని, వాటివల్ల జరిగిన నష్టాన్ని మనకి సహజమని రాసేసుకున్నట్టు అవుతుందని. పరిహారం అడిగే కార్మికుడికి ఈ పది శాతం చాలా పెద్దది. అమెరికన్ థొరాసిక్ సొసైటీ 2023లో జాతిని బట్టి వేరు చేయని ఉమ్మడి సూత్రం వాడమని చెప్పింది. మన దేశంలో చెన్నైలో, ఢిల్లీలో స్థానికుల్ని కొలిచి తయారుచేసిన సూత్రాలున్నాయి, వాటి అంకెలు కూడా ఒకదానితో ఒకటి అచ్చంగా కలవవు. నా మటుకు, ధూళి పనుల్లో ఉన్నవాళ్ల విషయంలో వద్దనేవాళ్ల వాదన బలంగా కనిపిస్తుంది. అయితే దాన్ని గుడ్డిగా అమలు చేస్తే ఉద్యోగం కోసం వచ్చే ఆరోగ్యవంతుడికి అన్యాయం జరుగుతుందన్న భయం కూడా నిజమైనదే.

లెక్కలో చూస్తే ఇలా ఉంటుంది. ఒకాయన 3.1 లీటర్లు ఊదాడు. యూరప్ సూత్రంతో ఉండాల్సింది 4.0 అయితే 78 శాతం, చాలామంది డాక్టర్లు వాడే 80 గీత కింద. పది శాతం తగ్గించి 3.6తో పోలిస్తే 86, గీత పైన. నెల్లూరులో ఓ యంత్రం మీద ఊది, ఆర్నెల్ల తర్వాత ఒంగోలులో వేరే సూత్రం పెట్టిన యంత్రం మీద ఊదితే, ఊపిరితిత్తుల్లో ఏ మార్పూ లేకుండానే ఎనిమిది శాతం పెరిగినట్టో తగ్గినట్టో కనిపిస్తుంది. ఏ సూత్రం వాడారో చాలా రిపోర్టుల్లో పైన చిన్న అక్షరాల్లో ఉంటుంది, లీటర్ల వరస శాతం పక్కనే ఉంటుంది. రెండు రిపోర్టుల్నీ పక్కపక్కన పెట్టినప్పుడు పోల్చదగ్గది ఆ లీటర్ల వరసే.